పెంటయ్య లవంగం సిమెంటు

పటాన్‌చెరు పెద్ద రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మందుల షాపు పక్కన మెట్లెక్కి పైకి వెళితే ముకుంద్ డాక్టరు గారి పండ్ల దవాఖానా. మెట్లు సగం ఎక్కేసరికే లవంగాల వాసన ముక్కుకు కొట్టేది. కొత్తవాళ్లు బిర్యానీ హోటల్ అనుకుని ఆశగా పైకి వచ్చి, కుర్చీనీ డ్రిల్లునూ చూసి ఒక్క పరుగున దిగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. దవాఖానా డాక్టరుదే కానీ వాసన మాత్రం పెంటయ్యది. ఈ మాట పెంటయ్యే అనేవాడు, అదీ డాక్టరు చెవిన పడేట్టుగా అనేవాడు.

పెంటయ్యది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. మూడెకరాల చెలక, పంచుకోవడానికి ముగ్గురు అన్నదమ్ములు. చెలక చాలక ఎనభై నాలుగులో గడ్డపోతారం మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పనికి కుదిరాడు. ఆరో నెలలో దవడ పన్ను పోటెత్తింది. మూడు రోజులు అన్నం ముద్ద దిగలేదు. నాలుగో రోజు చెంపకు తువ్వాల కట్టుకుని, అప్పుడే కొత్తగా బోర్డు తగిలించిన ముకుంద్ దగ్గరికి వచ్చి పడ్డాడు. ముకుంద్ సంగారెడ్డి గంజిలో ధాన్యం దుకాణం వాళ్లబ్బాయి. చదువు అయిపోయి ఏడాది కూడా కాలేదు. పుప్పి గీకి, తెల్లపొడిలో లవంగనూనె కలిపి, ఆ ముద్దను గుంతలో కూరాడు. రెండు నిమిషాల్లో పెంటయ్య ప్రాణం నిమ్మళించింది. అంతలో కరెంటు పోయింది. తరవాతి మనిషి నోట్లోకి టార్చి పట్టేవాళ్లు లేక డాక్టరు చిరాకు పడుతుంటే, "నేను పట్టుకుంట సార్" అన్నాడు. ఆ పట్టుకున్నవాడు పద్నాలుగేళ్లపాటు వదల్లేదు.

టార్చి పట్టినవాడు మెల్లగా మందు కలపడం నేర్చాడు. దళసరి అద్దం పలక మీద తెల్లపొడి చిన్న కుప్పగా పోసి, పక్కన రెండు చుక్కలు నూనె వేసి, కొంచెం కొంచెంగా పొడిని నూనెలోకి లాగుతూ చపటా కత్తితో నూరాలి. నూనె ఎక్కువైతే జావ, పొడి ఎక్కువైతే ఇసుక. పెంటయ్య తల్లి జొన్నపిండి పిసికేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆపేదో అక్కడే ఇతని చెయ్యీ ఆగేది. పేని చూస్తే వేలికి అంటకూడదు, తెగకూడదు. అదీ లెక్క. డాక్టరు పన్ను గీకి గుంత శుభ్రం చేసి, తల ఎత్తకుండా "పెంటయ్యా, మందు" అనేవాడు. గుంత మూసి మనిషిని పంపే పని పెంటయ్యది. చిక్కగానా పలచగానా అని డాక్టరు ఏనాడూ చెప్పలేదు. ఇతనూ అడగలేదు.

అడిగేదల్లా కుర్చీలో ఉన్న మనిషినే. "ఏ కంపెనీ అన్నా? ఏ షిఫ్టు?"

ఎందుకంటే ఇది టెంపరరీ సిమెంటు. వారం పది రోజుల ముచ్చట. లోపల పన్ను సల్లబడ్డాక దీన్ని తవ్వి తీసి, వెండి సిమెంటు నింపాలి. డాక్టరు పుస్తకం అలాగే చెబుతుంది. పటాన్‌చెరు మనుషులు పుస్తకం చదివారా? నొప్పి పోయిన పన్ను కోసం ఏ వెర్రివాడు ఒక పూట జీతం వదులుకుంటాడు? అందుకని జనరల్ షిఫ్టు వాడైతే, అయిదు దాటాక వస్తాడు కాబట్టి, పెంటయ్య మెత్తగా కలిపేవాడు. తీయడం సుఖం. షిఫ్టులు మారేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి గట్టిగా. కాంట్రాక్టు కూలీ అయితే ఇంకా గట్టిగా, అందులో నాలుగు దూది పోగులు కలిపి మరీ నూరేవాడు. లింగం అనే రైతుకు అలా పెట్టిన మందు మూడేళ్లకు, అతను వేరే పన్ను కోసం వచ్చినప్పుడు చూస్తే, చెక్కుచెదరకుండా ఉంది. డాక్టరు పకపకా నవ్వి, "ఇది టెంపరరీ కాదురా నాయనా, పెంటయ్య పర్మనెంట్" అన్నాడు. ఆ ఒక్క మాటను పెంటయ్య ఎంతమందికి చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. బస్సు కండక్టర్లకు కూడా చెప్పాడు.

అంత వైభోగం తొంభై ఎనిమిదిలో ఒక్క సోమవారంతో కూలింది.

ఆ సోమవారం దవాఖానాకు రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి నీలం వెలుగు కొట్టే లైటు. తెల్లటి లేపనం పన్నులో పెట్టి ఆ లైటు ఇరవై సెకన్లు పడితే రాయిలా బిగుస్తుంది, పన్ను రంగులోనే ఉంటుంది. రెండోది సుమిత్ర. బీరంగూడ పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, హైదరాబాద్‌లో పెద్ద పండ్ల ఆసుపత్రిలో రెండేళ్లు పని నేర్చి వచ్చింది. వస్తూ వస్తూ ఒక ట్యూబు తెచ్చింది. అందులోదీ టెంపరరీ సిమెంటే. కలపక్కర్లేదు, నూరక్కర్లేదు. కొంచెం పిండి గుంతలో పెడితే నోట్లో ఉమ్మి తగిలి అదే గట్టిపడుతుంది.

"వాహ్! పలక కడిగే పని కూడ లేదు" అన్నాడు డాక్టరు.

పద్నాలుగేళ్లు పలక కడిగినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కదా! పెంటయ్య కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టయింది. ఆ కుంపటి సాయంత్రానికి ఆరుతుందనుకున్నాడు. ఎనిమిది నెలలు ఆరలేదు.

చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, డాక్టరు రోజుకు ఎన్నిసార్లు "సుమిత్రా" అంటున్నాడో పెంటయ్య మనసులో లెక్క పెట్టుకునేవాడు. ఆమె చేతులకు తొడుక్కునే రబ్బరు తొడుగులు చూసినా మంటే, ఆమె టిఫిను డబ్బా మూత తీసే చప్పుడు విన్నా మంటే. ఆమె నోరారా "పెంటన్నా" అని పిలిస్తే, ఇతను "చెప్పు మేడం" అనేవాడు. ఆ మేడంలో గౌరవం ఆవగింజంత కూడా లేదని ఆ పిల్లకూ తెలుసు. ఆమె ట్యూబు మందు పెట్టించుకుని మెట్లు దిగేవాళ్లను ఆపి, "ఏందన్నా, పేస్టు పెట్టించుకున్నవా? ఇంట్ల లేదా పేస్టు?" అని నవ్వేవాడు.

ఇంట్లో భార్య ఇందిరమ్మ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు కంచం ముందు పెడుతూ అడగనే అడిగింది.

"ఏందయ్యా, సవతి ఇంట్ల అడుగువెట్టినట్టు గిట్ల కుములుతున్నవ్? ఆ పిల్ల నిన్నేమన్నదని?"

"ఏమనలే. గదే నా బాధ. ఏమన్న అంటే కొట్లాడుదును."

"కొత్తొక వింత, పాతొక రోత. లోకం గంతే. తిను."

"నేను రోతనా?" అని పెంటయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. అరగంటకు మళ్లీ వచ్చి తిన్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పెంటయ్య మంట మొత్తం ఉత్తదేమీ కాదు. ట్యూబు మందు రెండు వారాలకు మించి నిలవదు. సుమిత్ర ప్రతివాడికీ "వారంలో రావాలె" అని చక్కగా చెప్పేది. వాళ్లు తల ఊపి నెలన్నరకు వచ్చేవాళ్లు, గుంత ఖాళీగా, పన్ను మళ్లీ పోటుతో. "వారంలో రమ్మన్న గద" అనేది ఆమె. ఏ షిఫ్టో అడిగినవా తల్లీ, అని ఇతను లోపల లోపల గంతులేసేవాడు. పైకి చెబితే ఆమె నేర్చుకుంటుందని చెప్పేవాడు కాదు. అంత పిసినారితనం ఆ మనిషిలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఒకరోజు సుమిత్ర ఫైళ్ల మీద ఎర్ర టిక్కులు పెడుతూ చెప్పింది. "పెంటన్నా, ఎర్ర టిక్కు ఉన్నోళ్లకు తర్వాత లైటు సిమెంటు పెడుతం. వాళ్ల పన్నుకు లవంగనూనె తగలొద్దు. తగిలితే లైటుది గట్టిపడదు. జెర యాది పెట్టుకో."

డాక్టరు కూడా అవునన్నాడు. కానీ పెంటయ్య చెవికి అది మరోలా ఎక్కింది. నా మందును ఈ గదిలోంచి వెళ్లగొట్టడానికి అల్లిన కథ ఇది, అనుకున్నాడు. వేల నోళ్లలో పెట్టిన మందు, తన పన్నులోనూ ఉన్న మందు, చెడుపు చేస్తుందట!

ఆదివారాలు కంపెనీలకు సెలవు కాబట్టి దవాఖానా కిటకిటలాడేది. అందుకని సుమిత్రకు గురువారం సెలవు. ఆ రోజు గుంతలు మూసే పని మొత్తం పెంటయ్యదే. బుధవారం సాయంత్రమే ఆమె ట్యూబును ట్రే మీద పెట్టి, ఎర్ర టిక్కు ఫైళ్లు విడిగా సర్ది పోయేది. ఎర్ర టిక్కుల మాట విన్నాక వచ్చిన మొదటి గురువారం పెంటయ్య ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టాడు. డాక్టరు బయట గదిలో ఎవరి దవడో నొక్కి చూస్తున్నాడు. వాష్‌బేసిన్ కింద మూలకు నెట్టేసిన అద్దం పలకను బయటికి లాగి, కడిగి, పొడి పోసి, నూనె చుక్కలు వేశాడు. ఎర్ర టిక్కు పన్నులో లవంగం సిమెంటు నింపాడు. కుర్చీలో మనిషి కళ్లు మూసుకుని, "హమ్మయ్య, పానం నిమ్మళమైంది పెంటన్నా" అన్నాడు. ఆరు నెలల తర్వాత ఆ మాట వినేసరికి పెంటయ్యకు కళ్లు చెమర్చాయి.

తరవాత ఏం చేశాడో తెలుసా? ట్యూబు తోక దగ్గర నొక్కి, కొంచెం మందు బేసిన్‌లోకి పిండి, నల్లా తిప్పేశాడు. వాడినట్టు కనపడాలి కదా మరి! అలా నాలుగు గురువారాలు, తొమ్మిది పళ్లు. తీసేటప్పుడు డాక్టరు వాసన పట్టలేదా అంటే, ఆ గదిలో లవంగం వాసన లేని చోటెక్కడ?

అయిదో వారం నుంచి తిరుగుటపా మొదలైంది. లైటు సిమెంటు పెట్టించుకున్నవాళ్లలో కొందరు ఒక్కొక్కరే నోరు పట్టుకుని వచ్చారు. ఒకరిది మెత్తబడింది, ఒకరిది ఊడింది. డాక్టరు లైటు బల్బు మార్పించాడు. లేపనం డబ్బా కొత్తది తెప్పించాడు. పెంటయ్యను కూడా అడిగాడు. "గురువారం ట్యూబే పెడుతున్నవు గద?"

"మీరు చెప్పినంక వేరేది పెడుతనా సార్" అన్నాడు పెంటయ్య. పద్నాలుగేళ్ల నమ్మకం కాబట్టి డాక్టరు ఇక రెండో మాట అడగలేదు.

ఆఖరికి బట్టల షాపు ప్రభావతమ్మ వచ్చింది. ముందు పన్నుకు పెట్టించుకుంది ఆమె. మెట్ల మీదనుంచే అందుకుంది.

"గిరాకీ ముంగట నవ్వుతుంటే ఊడి కౌంటర్ మీద పడ్డది డాక్టర్! పట్టుచీర మీద పడ్డది! ఇజ్జత్ పోయింది నాది! లైటు పెడుతం, అమెరికా మందు పెడుతం అంటిరి, గిదేనా?"

బెంచీల మీద పదిమంది జనం. డాక్టరు ముఖం కందగడ్డ అయింది. సుమిత్ర వైపు తిరిగి, "లైటు ఇరవై సెకన్లు పట్టుమంటే పట్టరాదు. పన్ను ఆరబెట్టుమంటే ఆరబెట్టరాదు. ఈ నెలాఖరు దాకా చెయ్, తర్వాత వేరే కాడ చూసుకో" అన్నాడు. నెలాఖరుకు ఆరు రోజులుంది.

ఆ పిల్ల ఏడవలేదు. కాసేపటికి పెంటయ్య దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, గురువారం పెట్టినవి అన్నీ ట్యూబువే గద?"

"మరి? నీ మాట దాటుతనా మేడం?"

"లే అన్నా, ఊరికే అడిగిన. అయితే నా చెయ్యే మంచిగ లేదు" అని వెళ్లిపోయింది.

ఇంకేం కావాలి? ఆరు రోజులు నోరు మూసుకుంటే చాలు, కుర్చీ పక్క చోటు మళ్లీ తనది. పెంటయ్య ఆ పూట ఇంటికి పోతూ మిర్చిబజ్జీలు కొనుక్కుపోయాడు. ఇందిరమ్మ సంబరపడి తింది. ఇతను మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు భోజనానికి పోయాడు, సుమిత్ర కింద మందుల షాపుకు పోయింది. పెంటయ్యకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఆ పిల్ల చెప్పింది అబద్ధమని తేలిపోతే తన తప్పేమీ లేనట్టే కదా! అద్దం పలక తీశాడు. ఒక మూల శుభ్రంగా తుడిచి శనగగింజంత తెల్ల లేపనం పెట్టాడు. ఇంకో మూల లవంగనూనె రాసి, దాని మీద ఇంకో గింజంత పెట్టాడు. ఇరవై వరకు లెక్కపెడుతూ ఒక్కోదాని మీద నీలం లైటు పట్టాడు. తర్వాత సూదితో పొడిచి చూశాడు. మొదటిది టక్కుమంది. రెండోది ముదరని బెల్లం పాకంలా సూది వెంట సాగి వచ్చింది.

నమ్మలేక మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. తన నూనె మంచి మందే కానీ, దానితోనే ఆ పిల్ల మెడకు ఉరితాడు తానే పేనాడు.

నాలుగింటికి ప్రభావతమ్మ మళ్లీ కట్టించుకోవడానికి వచ్చి కుర్చీలో కూర్చుంది. డాక్టరు పన్ను గీకడం ముగించి, తల ఎత్తకుండా అన్నాడు. "సుమిత్రా, నువ్వు బయట కూసో. పెంటయ్యా, మందు."

ఎనిమిది నెలలుగా ఏ పిలుపు కోసం కడుపు కాలిపోయిందో, ఆ పిలుపు. చెయ్యి దానంతటదే పలక మీదికి పోయింది. పలక మీద మధ్యాహ్నం పెట్టి చూసిన లేపనం గింజలు ఇంకా ఉన్నాయి. పెంటయ్య పలక అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏందయ్యా, మందు!"

"సార్, ఆ పిల్ల తప్పు లేదు. గురువారాలు నేను ట్యూబు పెట్టలే. అన్నిట్ల లవంగనూనెదే పెట్టిన. ట్యూబుది నల్లా కింద పారబోసిన. మీరడిగితే అబద్ధమాడిన. నాకు... నాకు ఓర్వబుద్ధి కాలే సార్."

డాక్టరు తల ఎత్తి చూశాడు. ప్రభావతమ్మ నోరు తెరిచే ఉంది, నోట్లో దూది ఉంది కాబట్టి తిట్టడానికి వీల్లేక కళ్లతోనే తిట్టింది. గుమ్మంలో సుమిత్ర నిలబడి ఉంది. ఆమె ట్రే దగ్గరికి వచ్చి, ట్యూబు తోకను వేళ్ల మధ్య పెట్టి చూసింది. "నల్లా కిందనా పోసినవ్ అన్నా?" అంది. నాలుగు తిట్టినా పెంటయ్యకు తేలికయ్యేది.

"ఎంతమందికి?" అన్నాడు డాక్టరు.

"తొమ్మిది. ఈ అమ్మ పోను ఎనిమిది."

"ఫైళ్లు తియ్."

"ఫైలు అక్కర్లే సార్" అని పెంటయ్య తల వంచుకుని అప్పజెప్పాడు. ఎవరిది ఏ పన్ను, ఎవరు ఏ కంపెనీ, ఈ వారం ఏ షిఫ్టు. ఎనిమిది మందివీ.

"తీసుకొస్తవో, మోసుకొస్తవో. అందరు వచ్చిందాక ఈ కుర్చీ దిక్కు రాకు" అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో కోపం కంటే మరేదో ఎక్కువుంది. అది పెంటయ్యకు ఎక్కువ తగిలింది.

పద్దెనిమిది రోజులు పట్టింది. షిఫ్టు విడిచే వేళకు గడ్డపోతారం గేట్ల దగ్గర, పటాన్‌చెరు గేట్ల దగ్గర నిలబడి, సైకిళ్ల మందలో ఒక్కొక్కరినీ పట్టుకున్నాడు. "నొప్పి లేదు పోవయ్యా" అన్నవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. చివరివాడు యాదగిరి కంపెనీ మారి ఎక్కడికో పోతే, నాలుగు గేట్లు తిరిగి చాయ్ బండి దగ్గర దొరకబుచ్చుకుని, సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తొక్కుకొచ్చాడు. సుమిత్ర అన్నీ తవ్వి ట్యూబు మందు పెట్టింది, వారం తర్వాత లైటుది పెట్టింది. ఒక్కటీ ఊడలేదు.

సుమిత్ర ఉండిపోయింది. పెంటయ్యకు డాక్టరు బయట గదిలో బల్ల వేయించి, పేర్లు రాసుకునే పని ఇచ్చాడు. ఉద్యోగం పోనందుకు ఇందిరమ్మ భవానీ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. పెంటయ్య దండం పెట్టుకున్నాడు కానీ కర్టెన్ అవతల డాక్టరు "సుమిత్రా" అన్నప్పుడల్లా అతని చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి. అసూయ చెబితే పోయేదా? తప్పు ఒప్పుకున్నాక అది సిగ్గుపడి కొంచెం మూలకు జరిగిందంతే. అలా అయిదు నెలలు గడిచాయి.

ఒకరోజు కర్టెన్ అవతల డ్రిల్లు ఆగాక సుమిత్ర గొంతు వినపడింది.

"ఏ కంపెనీ అన్నా? ఏ షిఫ్టు?"

పెంటయ్య చేతిలో పెన్ను ఆగిపోయింది. మందు పోయింది, కుర్చీ పోయింది, ఇక తన మాట కూడా తీసేసుకుంది! కుంపటి మళ్లీ భగ్గుమంది. ఒక్క ఊపున లేవబోయాడు.

"కంపెనీ ఏంది చెల్లే, నాది లారీ" అంటున్నాడు కుర్చీలో మనిషి. "పొద్దుగాల్ల గుజరాత్ పోతున్న. ఆడికెళ్లి ఏ దిక్కు లోడు దొరికితే ఆ దిక్కే. మళ్ల ఎన్నడొస్తనో నాకే తెల్వదు."

అవతల ట్యూబును తిరిగి ట్రేలో పెట్టేసిన టిక్కుమన్న శబ్దం వచ్చింది.

"పెంటన్నా, మందు."

పిలిచింది డాక్టరు కాదు. డాక్టరు వద్దంటాడేమోనని పెంటయ్య ఆగి చూశాడు. ఆయన వద్దనలేదు. కర్టెన్ తీసుకుని లోపలికి పోయాడు. అద్దం పలక బేసిన్ కింద లేదు, కడిగి తుడిచి ట్రే పక్కన పెట్టి ఉంది. పొడి పోశాడు. నూనె సీసా ఎత్తి ఆగాడు. జీవితంలో మొదటిసారి, మందు కలిపే ముందు ఇంకొకరిని అడిగాడు.

"ఎట్ల కలపాలె బిడ్డా? చిక్కగనా?"

"నాకేం తెలుసన్నా," అంది సుమిత్ర, చూడడానికి దగ్గరికి జరుగుతూ. "నువ్వు కలుపు, నేను నేర్చుకుంట."